మొక్కై వంగనిది మానై వంగునా? – బాల్యవికాసముపై ఒక పరిశీలన

"మొక్కై వంగనిది మానై వంగునా" అను సామెత వినబడని తెలుగు గృహము లేదనవచ్చును. బడికి పోనని మారాము చేయు బాలుని చూచి తాత ఈ మాట యనును. చెడు సావాసము పట్టిన యువకుని తలచి తండ్రియు నిట్టూర్చుచు ఈ మాటయే యనును. మాట యొకటే యైనను ఈ రెండు సందర్భములలో దాని భావము వేరు. మొదటిది పెంచువారికి హెచ్చరిక: సమయము మించక ముందే శ్రద్ధ వహింపుడని. రెండవది పెరిగినవానిపై తీర్పు: ఇక వీడు బాగుపడడని. హెచ్చరికగా గ్రహించినపుడు ఈ సామెత పెద్దలను కర్తవ్యమునకు పురికొల్పును. తీర్పుగా గ్రహించినపుడు వారిని కర్తవ్యమునుండి విరమింపజేయును.

ఈ రెండింటిలో ఏది సత్యమునకు దగ్గర? గడచిన డెబ్బది, ఎనుబది సంవత్సరములలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను ఊహతో గాక, ప్రత్యక్ష పరిశీలనతో విచారించిరి. వారు కనుగొనిన విషయములు తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును, పరుల బిడ్డలకు ఆశ్రయమిచ్చి విద్య గరపు సంస్థల నిర్వాహకులకును మిక్కిలి ఉపయోగకరములు.

వెనుకకు చూచుట, ముందుకు చూచుట

చెరసాలలో నున్నవారిని విచారించినచో, వారిలో పెక్కుమంది బాల్యము దుఃఖమయమని తేలును. కొందరికి తండ్రి తాగుబోతు. కొందరికి తల్లి లేదు. కొందరి యింట నిత్యము కలహము. దీనిని బట్టి, అట్టి బాల్యము గలవారు చెడిపోవుట తప్పదని నిశ్చయించుట సులభము. కాని ఆ నిశ్చయములో ఒక లోపము గలదు. అట్టి బాల్యమునే అనుభవించియు, చెరసాల ముఖము చూడక, గౌరవముగా సంసారము చేసికొనుచున్నవారిని ఎవరు విచారించిరి? వారు న్యాయస్థానమునకు రారు. మానసిక వైద్యుని కడకు రారు. కావున ఎవరి లెక్కలోనికిని రారు. చెడినవారిని మాత్రమే లెక్కించినచో, చెడుటయే విధి యని తోచుటలో ఆశ్చర్యము లేదు.

ఈ లోపమును సవరించుటకు మార్గమొకటి గలదు. ఒక ప్రాంతమున ఒక సంవత్సరమున జన్మించిన శిశువులనందరిని, ధనికులనక, దరిద్రులనక, పుట్టుక నాటినుండియే లెక్కలోనికి తీసికొని, వారు పెరిగి పెద్దవారగు వరకు అప్పుడప్పుడు పరిశీలించుచు పోవలెను. చెప్పుట సులభమే. కాని అది ధనమును, ఓర్పును, అన్నిటికి మించి పరిశోధకుల జీవితకాలమును కోరు కార్యము. అట్టి కార్యము హవాయి ద్వీపములలో నొకటియైన కవాయియందు జరిగినది.

కవాయి ద్వీపమున 698 మంది శిశువులు

కవాయి పసిఫిక్ మహాసముద్రమున నున్న చిన్న ద్వీపము. పచ్చదనమునకు ప్రసిద్ధి చెంది "ఉద్యాన ద్వీప"మని పేరు గాంచినది. హవాయి 1959లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక రాష్ట్రమైనది; ఈ పరిశీలన దానికి పూర్వమే మొదలైనది. అచ్చటి చెరకు, అనాస తోటలలో కూలిపనికై జపాను, ఫిలిప్పీన్సు, పోర్చుగలు మున్నగు దేశములనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములును, హవాయి ఆదివాసుల కుటుంబములును కలసి నివసించుచుండెను. 1955లో ఆ ద్వీపమున జన్మించిన 698 మంది శిశువులను వైద్యులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు, ప్రజారోగ్య దాదులు కలసి పరిశీలింపసాగిరి. వీరిలో సుమారు సగము మంది పేదరికమున పుట్టినవారే. వారిని ఒకటవ, రెండవ, పదియవ, పదునెనిమిదవ యేట చూచిరి. పిదప ముప్పది దాటినపుడును, నలువదవ యేటను మరల చూచిరి.

ఈ పరిశోధనకు చిరకాలము సారథ్యము వహించినది ఎమ్మీ వెర్నర్. ఆమె 1929లో జర్మనీలో జన్మించి, రెండవ ప్రపంచ యుద్ధమున ఆ దేశమునకు కలిగిన వినాశమును చిన్నతనమున కన్నులార చూచినది. తరువాత అమెరికాకు పోయి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నందినది. రూత్ స్మిత్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఆమెకు సహకారిణి. వీరిరువురును తమ పరిశీలన ఫలితములను 1977, 1982, 1992, 2001 సంవత్సరములలో గ్రంథములుగా ప్రకటించిరి. వెర్నర్ 2017లో మరణించినది.

శాస్త్రజ్ఞులు మొదట శిశువుల జీవితములలోని ప్రతికూల హేతువులను లెక్కించిరి. ప్రసవ సమయమున కలిగిన ఆపద, విడువని దారిద్ర్యము, తల్లిదండ్రుల విద్యాహీనత, గృహకలహము, దంపతుల వియోగము, తల్లికో తండ్రికో మద్యపాన వ్యసనము లేక మానసిక వ్యాధి, ఇవి యా హేతువులు. రెండవ యేడు నిండక మునుపే ఇట్టివి నాలుగో, అంతకంటె ఎక్కువయో చుట్టుముట్టిన శిశువులు 201 మంది యని తేలినది. వీరిని మిక్కిలి ఆపదలో నున్నవారిగా పరిగణించి, వారి భవిష్యత్తును ప్రత్యేకముగా గమనించిరి.

ఫలితములు రెండు విధములుగ నుండెను. వీరిలో 129 మంది, అనగా మూడింట రెండు వంతుల వారు, పదియవ యేటికి చదువులోనో నడవడిలోనో తీవ్రమైన ఇబ్బందులకు లోనైరి. లేక పదునెనిమిది యేండ్లు నిండులోపల నేరములలో చిక్కుకొనుటయో, మానసిక వ్యాధికి గురియగుటయో, తల్లియగుటయో సంభవించినది. దారిద్ర్యమును కలహమును పిల్లలను బాధింపవని ఎవరైన తలచినచో ఈ సంఖ్య వారికి సమాధానము.

కాని తక్కిన 72 మంది సంగతి యేమి? అవే కష్టములు, అవే యిండ్లు, అదే ద్వీపము. అయినను వీరు చదువుకొనిరి, పనిపాటలు నేర్చిరి, పరులను ప్రేమింపగల మనుష్యులైరి. నలువదవ యేట చూడగా వీరిలో ఒక్కరును నిరుద్యోగి కాదు. ఒక్కరును న్యాయస్థానపు చిక్కులలో లేరు. ఒక్కరును ప్రభుత్వ సహాయముపై ఆధారపడి బ్రదుకుట లేదు. వెనుకకు మాత్రమే చూచు శాస్త్రమునకు ఇన్నాళ్లు కనబడనివారు వీరే.

ఆ 72 మందికి ఉన్నదేమి?

శాస్త్రజ్ఞులు ఇరుతెగల వారిని పోల్చి చూడగా మూడు విషయములు ప్రధానముగా కనబడెను.

మొదటిది శిశువు స్వభావము. ఈ పిల్లలలో పెక్కుమంది శైశవముననే చురుకుగా నుండి, నవ్వుచు, ఎత్తుకొనినవారిని ఆకర్షించుచుండిరి. ఇది కొంతవరకు జన్మతో వచ్చునది. పెద్దల చేతిలోనిది కాదు.

రెండవది కుటుంబములో నొకరి దృఢమైన అనురాగము. తల్లి వ్యాధిగ్రస్తయైనను, తండ్రి యిల్లు విడిచిపోయినను, ఆ శిశువునకు మొదటి యేండ్లలో ఎవరో యొకరు, తాతయో, అమ్మమ్మయో, పెత్తల్లియో, అక్కయో, విడువక అండగా నుండిరి. ఆ యొకరు ధనవంతులు కానక్కరలేదు, విద్యావంతులు కానక్కరలేదు. బిడ్డ ఏడ్చినపుడు పలుకువారుగాను, నేడు ఉండి రేపు లేనివారు గాకుండ, స్థిరముగా నున్నవారుగాను ఉండిన చాలును.

మూడవది యింటి వెలుపలి ఆదరణ. ఈ 72 మందిలో పెక్కుమంది తమకు మేలు చేసినవారి పేర్లు చెప్పుమనగా, తమకు నచ్చిన ఉపాధ్యాయుని పేరు చెప్పిరి. మరికొందరు పొరుగింటి పెద్దను, స్నేహితుని తల్లిదండ్రులను, తాము పోవు ప్రార్థనాలయమునందలి పెద్దలను తలచుకొనిరి. ఇంట కలహము చెలరేగినపుడు వారికి తలదాచుకొను చోటు ఇంకొకటి యుండెను. అచ్చట తమ మంచిచెడ్డ లడుగు మనిషి యుండెను.

ఇచ్చట గమనింపవలసిన మరియొక సంగతి గలదు. ఈ పిల్లలు సహాయము పొందుటయే గాక, సహాయము చేయుటయు నేర్చుకొనిరి. తల్లి మంచము పట్టినపుడు వంట చేసిరి. తమ్ములను చెల్లెండ్రను సాకిరి. చిన్న చిన్న పనులు చేసి ఇంటికి ఆసరా యైరి. తమవలన నొకరికి ప్రయోజనము కలదను ఎరుక వారికి ఆత్మగౌరవము నిచ్చినది. పిల్లవానికి అన్నము, బట్ట, పుస్తకము ఇచ్చి, ఏ బాధ్యతయు అప్పగింపని పోషణ అసంపూర్ణమని దీనివలన తెలియుచున్నది. అయితే పిల్లవాని శక్తికి మించిన బరువు మోపుట వేరు. అది బాధ్యత నేర్పుట కాదు, బాల్యమును హరించుట.

ప్రసవ సమయమున ఆపదకు లోనైన శిశువుల విషయమును ఇట్టిదే. ఆదరణయు స్థిరత్వమును గల యిండ్లలో పెరిగినవారికి ఆ ఆపద ప్రభావము ఏండ్లు గడచుకొలది చాలవరకు తగ్గిపోయెను. దారిద్ర్యము, కలహము నిండిన యిండ్లలో అదే ఆపద ప్రభావము ఎక్కువగా కనబడెను. కావున పుట్టుకతో వచ్చిన లోపమును కూడ పెంపకము తగ్గింపవచ్చును, లేదా పెంపవచ్చును.

మాను వంగిన సాక్ష్యము

ఇంతవరకు చెప్పినది మొక్క సంగతి. ఇక మాను సంగతి చూడవలెను. పదునెనిమిదవ యేట చెడిపోయినారని లెక్కింపబడిన యువతీయువకుల గతి యేమైనది? పరిశోధన అచ్చటితో ఆగిపోయి యున్నచో, వారిపై తీర్పు శాశ్వతముగ నిలిచి యుండెడిది. కాని వెర్నర్, స్మిత్ గార్లు వారిని విడువలేదు. ముప్పది దాటినపుడును, నలువదవ యేటను వారిని వెదకికొని పోయి చూచిరి.

అప్పుడు తెలిసినది. యౌవనమున నేరములలో చిక్కుకొనిన వారిలో అధికసంఖ్యాకులు పెద్దవారైన పిదప నేరస్థులుగా మిగులలేదు. చిన్ననాటనే తల్లులైన బాలికలలో అధికసంఖ్యాకుల జీవితము నలువదవ యేటికి ఎంతయో మెరుగుపడినది. వారిని నిలబెట్టినవి ఏవి? కొందరు మానివేసిన చదువును పెద్దవారైన పిదప మరల మొదలుపెట్టిరి. కొందరు సైన్యమున చేరి క్రమశిక్షణను, ఒక వృత్తిని నేర్చిరి. కొందరికి నిలకడ గల భార్యయో భర్తయో లభించెను. కొందరు భక్తుల సమాజమున చేరి ఆప్తులను సంపాదించుకొనిరి. కొందరు ప్రాణాపాయమునుండి బయటపడి తమ బ్రదుకును మరల తలపోసికొనిరి. వీరందరికి సంభవించినది స్థూలముగా ఒక్కటే: పాత తీర్పు ఎరుగని క్రొత్త స్థలమున, క్రొత్త మనుష్యుల నడుమ, మరియొక అవకాశము దొరకినది.

కావున "మానై వంగునా" యను ప్రశ్నకు కవాయి ఇచ్చిన సమాధానము స్పష్టము. కొన్ని మానులు వంగును. అయితే అందరును వంగిరని చెప్పుట అసత్యము. తల్లిదండ్రుల మద్యపానమును మానసిక వ్యాధియు తీవ్రముగా నుండిన యిండ్లలో పెరిగినవారికి బాగుపడుట కష్టతరమైనది.

సామెతలోని సత్యభాగము

ఇంతమాత్రమున ఆలస్యము చేసినను నష్టము లేదని ఎవరును తలపరాదు. ఆ సామెతలో హెచ్చరికయైన భాగము ఎంత సత్యమో వేరు పరిశోధనలు చూపుచున్నవి.

రెనె స్పిట్జ్ అను వైద్యుడు 1945లో ఒక పోలికను ప్రకటించెను. అతడు చూచిన సంస్థలు రెండు. ఒకటి చెరసాలలోని శిశుగృహము. అందు ఖైదీలైన తల్లులు తమ బిడ్డలను తామే సాకుచుండిరి. రెండవది అనాథ శిశుశాల. అందు శుభ్రతకు, ఆహారమునకు, వైద్యమునకు లోపము లేదు. కాని పెక్కుమంది శిశువులకు ఒక్క దాదియే గతి. ఎత్తుకొనువారు లేక శిశువులు తమ తొట్లలో ఒంటరిగా పడియుండిరి. శుభ్రమైన ఆ శిశుశాలలో రెండు సంవత్సరముల లోపల మూడవ వంతునకు మించిన శిశువులు మరణించిరి. చెరసాలలోని శిశువులు పెరిగిరి. పాలతో పాటు ఒడియు శిశువునకు ఆహారమే యని వైద్యలోకము దీనివలన ఆలోచింపసాగెను.

రెండవ ఉదాహరణము రుమేనియా దేశమునకు సంబంధించినది. అచ్చటి పాలకుడు చౌషెస్కు జనాభాను పెంపదలచి 1966లో గర్భస్రావమును నిషేధించెను. పోషింపలేని కుటుంబములు బిడ్డలను ప్రభుత్వ శిశుశాలలలో విడిచిపెట్టెను. 1989లో అతని ప్రభుత్వము కూలినపుడు లక్షకు పైగా పిల్లలు అట్టి సంస్థలలో నుండిరని లోకమునకు తెలిసినది. అచ్చటి దాదులు వంతులవారీగా మారుచుండిరి. ఏ బిడ్డకును "నా మనిషి" యన దగినవారు లేరు.

2000లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అను అమెరికా శాస్త్రజ్ఞులు బుకారెస్టు నగరమున అట్టి 136 మంది శిశువులను పరిశీలింపసాగిరి. చీట్లు వేసినట్లు, పక్షపాతమునకు తావులేకుండ, సగము మందిని శిక్షణ పొందిన పెంపుడు కుటుంబములకు అప్పగించిరి. తక్కిన సగము మంది అప్పటి ఏర్పాటుననుసరించి సంస్థలలో నుండిరి. వారిలోను పెక్కుమంది తరువాతి యేండ్లలో కుటుంబములకు చేరిరి. పెంపుడు కుటుంబములకు చేరిన పిల్లల బుద్ధియు, అనురాగబంధమును మెరుగైనవి. అందులోను, రెండేండ్లు నిండక మునుపే కుటుంబమునకు చేరినవారు ఆలస్యముగా చేరినవారికంటె చాల విషయములలో మేలుగా నుండిరి. 2004లో రుమేనియా ప్రభుత్వము, తీవ్ర వైకల్యము గలవారిని మినహాయించి, రెండేండ్లలోపు శిశువులను సంస్థలలో ఉంచరాదని చట్టము చేసినది.

కావున ముందుగా ఇచ్చిన ఆదరణ ఎక్కువ ఫలించును; ఆలస్యముగా ఇచ్చినది తక్కువ ఫలించును; అసలు ఇవ్వనిది ఏమియు ఫలింపదు. ఈ మూడు మాటలను కలిపి గ్రహింపవలెను.

జాగ్రత్తగా గ్రహింపవలసినవి

ఈ పరిశోధనలను విని కొందరు పొరపాటు నిర్ణయములకు వచ్చుట గలదు. "కష్టములనుండి 72 మంది పైకి రాగా తక్కినవారేల రాలేదు, వారి సోమరితనమే కారణము" అనుట అట్టి పొరపాటు. పైకి వచ్చినవారికి దొరకిన మనిషి తక్కినవారిలో పెక్కురికి దొరకలేదు. నీడ దొరకని మొక్కను నిందించుట న్యాయము కాదు.

పైకి వచ్చినవారికి ఏ గాయమును మిగులలేదనుటయు పొరపాటే. పెద్దవారైన పిదప వీరిలో కొందరు మనోభారమువలన కలుగు శరీరబాధలతో నుండిరి. కొందరు తమ పుట్టింటి కలతలకు దూరముగా నుండుటకై మనసును కొంత బిగబట్టి బ్రదికిరి. బాల్యమున మోసిన బరువుకు వెల చెల్లింపక తప్పలేదు. ఆ బరువును తగ్గించు అవకాశమున్నపుడు తగ్గించుటయే పెద్దల ధర్మము.

"తల్లియే సర్వము, తల్లి లేనివాని గతి అంతే" యనుట మరియొక పొరపాటు. తల్లి స్థానము గొప్పదే. కాని కవాయి పిల్లలలో ఎందరినో నిలబెట్టినది తాతలు, అవ్వలు, ఉపాధ్యాయులు, పొరుగువారు. తల్లిని కోల్పోయిన బిడ్డ యెదుట సమాజము చేతులు కట్టుకొని నిలువనక్కరలేదు.

పెద్దలు చేయదగినవి

ఈ విషయములనుండి ఆచరణకు తీసికొనదగిన పాఠములు నాలుగు.

ఒకటి. ఇంట నొకరికి వ్యాధియో వ్యసనమో కలిగినపుడు, ఆ యింటి పిల్లల మాట యేమని బంధువులు మొదట విచారింపవలెను. పిల్లలకు స్థిరముగా అండ నిలుచు నొక పెద్దను ఆనాడే నిర్ణయించుట, తరువాత పంచాయతులు చేయుటకంటె మేలు.

రెండు. విద్యార్థులకు వసతి కల్పించు సంస్థలు భవనముతోను భోజనముతోను తృప్తి చెందరాదు. ప్రతి బాలునకును పేరు పెట్టి పిలుచు పెద్ద యొకడు, ఆరు నెలలకొకసారి మారక, కొన్నియేండ్లు నిలకడగా నుండవలెను. ఆ పెద్ద వంట చేయు అవ్వ కావచ్చును, లెక్కలు చెప్పు పంతులు కావచ్చును. పసిబిడ్డలను మాత్రము వీలైనంతవరకు కుటుంబములలోనే పెంచుట మంచిది.

మూడు. పిల్లలకు వారి వయస్సునకు తగిన పని అప్పగింపవలెను. చెట్లకు నీరు పోయుట, చిన్నవారికి పాఠము చెప్పుట, పంక్తిలో వడ్డించుట వంటివి. ఆ పని నిజముగా నొకరికి ఉపయోగపడునదిగా ఉండవలెను.

నాలుగు. దారి తప్పిన యువకుడు తిరిగి వచ్చినపుడు పాత కథలు తవ్వరాదు. చదువునకో, పనికో మరియొక అవకాశమిచ్చి, కొంతకాలము ఓపిక పట్టవలెను. కవాయిలో మార్పు కొందరికి ఇరువదవ యేట వచ్చినది, కొందరికి ముప్పదవ యేట వచ్చినది. పదునెనిమిదవ యేట లెక్క మూసివేసినవారికి అది కనబడి యుండెడిది కాదు.

పూర్వులు మొక్కను గూర్చి చెప్పిన మాట పెంచువారి నుద్దేశించినది. పెరిగినవానిని నిందించుటకు చెప్పినది కాదు. ఇకమీదట ఏ యింటనైనను ఆ సామెత నోటికి వచ్చినపుడు, ఈ బిడ్డకు అండగా నిలిచినవారెవరని ముందుగా విచారింతురు గాక. ఎవరును లేరని తేలినచో, ఆ స్థానము ఇంకను ఖాళీగానే యున్నదని గ్రహింతురు గాక.